పడవలో పక్క గది ఉండదు

మా ఊరి పక్కనే సముద్రం ఉంది అంటే మీరు నవ్వుతారు. అనంతపురానికి సముద్రమేమిటి, ఈయనకు ఎండదెబ్బ గాని తగిలిందా అనుకుంటారు. కాని ఉన్న మాటే చెబుతున్నాను. విజయనగర రాజుల కాలంలో ఇక్కడ ఒక పెద్ద చెరువు కట్టారు. దాని ఒక కొసన వెలసిన ఊరు బుక్కరాయసముద్రం. రెండో కొసన వెలసింది అనంతసాగరం. అదే తరవాత అనంతపురమైంది. నాలుగు గట్టి వానలు కురిస్తే గాని నిండని చెరువుకు ఒకవైపు సముద్రమనీ, మరొకవైపు సాగరమనీ పేర్లు పెట్టుకున్న మా పెద్దల ధైర్యాన్ని నేను ఏటా క్లాసులో అతిశయోక్తి అలంకారం చెప్పేటప్పుడు తలుచుకుంటాను. పిల్లలు నవ్వుతారు. ఇంట్లో మా ఆవిడ మాత్రం నవ్వదు.

ఎందుకంటే ఆమె అసలైన సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. కాకినాడ దగ్గర తాళ్ళరేవు మా అత్తవారి ఊరు. దాని పక్కనే కోరంగి. ఒకప్పుడు అక్కడ ఓడలు కట్టేవారు. అక్కడ ఓడలెక్కి రంగూను పోయిన మన తెలుగువాళ్ళకు బర్మాలో ఆ రేవు పేరే అంటుకుని 'కోరంగీలు' అయ్యారు. మా ఆవిడ తాతగారు తెరచాప పడవల మీద సరంగు. అటువంటి ఇంటి పిల్లను తెచ్చి, ఏడాదంతా కలిపినా సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట కాపురం పెట్టించాను. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్యపు మేఘాలు తూర్పు తీరంలోనే కురిసి, మా దాకా వచ్చేసరికి వట్టిపోతాయి. రెండు వైపులా కలిగిన చుట్టాలే ఉండి కూడా ఏ వైపునుంచీ పెట్టుపోతలు లేనివాడి బతుకు మా జిల్లాది.

పెళ్ళయిన కొత్తలో ఆమెకో మాట ఇచ్చాను. "ఏటా ఒకసారి నిన్ను సముద్రం దగ్గరికి తీసుకెళతాను" అని. ఇరవై ఏళ్ళయింది. ఎన్నిసార్లు తీసుకెళ్ళానో లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు. పరీక్షలని, పేపర్లు దిద్దడమని, మా అమ్మ ఒంట్లో బాగాలేదని ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఆమె అడగడం మానేసింది. అడగడం మానేస్తే మరిచిపోయిందనుకోవడం మగవాళ్ళకు ఉన్న గొప్ప సౌకర్యం.

ఇంతకూ ఈ కథ మొదలైంది ఒక వార్తతో. మన నౌకాదళంలో దిల్నా, రూప అనే ఇద్దరు మహిళా అధికారులు 'తారిణి' అనే తెరచాప పడవలో 2024 అక్టోబరు 2న గోవానుంచి బయలుదేరి, భూగోళం చుట్టి 2025 మే 29న తిరిగి వచ్చారు. 238 రోజులు, పాతికవేల సముద్రపు మైళ్ళకు పైగా ప్రయాణం. పడవ పొడవు 56 అడుగులు. మనుషులు ఇద్దరే. అదే పడవలో 2017-18లో ఆరుగురు అమ్మాయిలు ప్రపంచం చుట్టి వచ్చినప్పుడు వాళ్ళలో ఇద్దరు మన తెలుగు పిల్లలే. విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య. భోజనాల దగ్గర ఇదంతా నేనే నడిపి వచ్చినంత ఉత్సాహంగా చెప్పాను.

మా ఆవిడ మజ్జిగ పోస్తూ, "అయితే ఇద్దరూ ఒక్కసారి నిద్రపోవడానికి లేదు గదండీ?" అంది.

ఇంత వార్తలో ఆమె పట్టుకున్నది ఆ ఒక్క ముక్క. నేను అంతదాకా ఆలోచించలేదు. మరునాటినుంచి వెతికి చదవడం మొదలుపెట్టాను. పెద్ద ఓడలో వందమంది ఉంటారు గనక ఎవరి పని వారిది. ఇద్దరే ఉన్న పడవలో వంతులు వేసుకోవాలి. ఒకరు మూడు నాలుగు గంటలు మెలకువగా ఉండి గాలినీ, తెరచాపనూ, ఎదురుగా వచ్చే ఓడల దీపాలనూ కనిపెట్టుకుని ఉంటే రెండోవారు పడుకుంటారు. తరవాత వంతు మారుతుంది. ఇలా వారాలు, నెలలు. పడుకున్నవారి ప్రాణం మేలుకున్నవారి కళ్ళలో ఉంటుంది.

ఇలా బతికిన దంపతులు కూడా ఉన్నారండీ. ఎరిక్ హిస్కాక్ అని ఒక ఇంగ్లీషాయన. చూపు అంతంత మాత్రం. భార్య సూసన్‌తో కలిసి 1952లో 30 అడుగుల పడవలో బయలుదేరి 1955కు ప్రపంచం చుట్టి వచ్చాడు. ఆ దేశాలూ ఆ రేవులూ చాలవన్నట్టు 1959లో మళ్ళీ బయలుదేరి రెండోసారి చుట్టారు. లారీ, లిన్ పార్డీ అని మరో జంట. వాళ్ళ మొదటి పడవ 24 అడుగులు. వాళ్ళే కట్టుకున్నారు. దానికి ఇంజనే లేదు. గాలి ఉంటే ప్రయాణం, లేకపోతే నిరీక్షణ. 1968లో మొదలుపెట్టి కొన్ని దశాబ్దాలు అలాగే తిరిగారు. లారీ 2020లో పోయాడు.

ఇవి చదువుతుంటే నాకొకటి ఆశ్చర్యమనిపించింది. ఈ పడవ కాపురాలలో అన్నిటికంటే ముందు లెక్క పెట్టుకునేది నీళ్ళు. తుపానులూ తిమింగలాలూ తరవాత. చుట్టూ కనుచూపు మేర నీరే. తాగడానికి మాత్రం తొట్టెలో పోసుకున్నది. మనిషికి రోజుకు ఇన్ని లీటర్లని కొలత వేసుకుంటారు. వాన వస్తే తెరచాపను మలిచి, దానిమీద పడ్డ నీళ్ళు బక్కెట్టులోకి పట్టుకుంటారు. ఉప్పునీళ్ళతో గిన్నెలు తోముకుని చివర మంచినీళ్ళు చిలకరించుకుంటారు. అరెరే, ఇది మా అనంతపురం గదా అనుకున్నాను. మావాళ్ళను ఓడెక్కిస్తే ఆ ఒక్క విద్యలోనైనా మొదటి తరగతిలో ప్యాసవుతారు.

ఆ గర్వంతోనే మా ఆవిడతో అన్నాను: "ఈ సంక్రాంతికి మీ ఊరు పోదాం. మనమూ తెరచాప పడవెక్కుదాం. మనిద్దరమే."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మీకు పుట్టి ఎక్కితేనే కళ్ళు తిరుగుతాయి" అంది. కాని పెట్టె సర్దడం మాత్రం ఆ రాత్రే మొదలుపెట్టింది.

కనుమ మరునాడు మధ్యాహ్నం పన్నెండున్నరకు బయలుదేరాము. 'మనిద్దరమే' అన్నది మొదటి అడుగులోనే మునిగింది. నాకు ఈత రాదు. మా ఆవిడకు బాబాయి వరసయ్యే పెద్దాయన తన నావ తెచ్చాడు. ఇరవై అడుగులుంటుందేమో. మోటారూ ఉంది, కొయ్యకు చుట్టిన తెరచాపా ఉంది. "అల్లుడుగారి ముచ్చట తీరాలి, మోటారు ముట్టుకోనండి" అన్నాడాయన. తాళ్ళరేవులో నేను ఊరందరికీ అల్లుణ్ణే.

మడ అడవి మధ్య పాయలో నిండు పోటు. నీళ్ళు చెట్ల నడుములదాకా ఉన్నాయి. గెడతో తోసుకుంటూ పాయ దాటి కాకినాడ అఖాతంలోకి రాగానే ఆయన తెరచాప విప్పాడు. అది ఒక్కసారి గాలి పీల్చుకుని పొంగింది. మోటారు లేదు, చప్పుడు లేదు. పడవ అడుగున నీళ్ళు గలగలమనడం తప్ప మరో మాట లేదు. మా ఆవిడ లేచివెళ్ళి చుక్కాని పట్టుకుంది. ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. ఇరవై ఏళ్ళలో నేనెన్నడూ చూడని మనిషి అక్కడ కూచుంది.

ఇటువంటప్పుడు మాస్టర్లు ఊరుకోలేరు. నేను పాఠం మొదలుపెట్టాను. శాతవాహనుల నాణేలమీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంటుందన్నాను. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం సంగతి చెప్పాను. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు దోచుకునేవారు. ఆయన ఆ పని మాన్పించి, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటానని శిలమీద మాట ఇచ్చాడు. ఆ తరవాత 1789లోనూ 1839లోనూ కోరంగిని ముంచిన తుపానుల గురించి చెప్పాను. తుపానుకు 'సైక్లోన్' అని పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో ఉండి ఈ తీరపు తుపానులను పరిశీలించినవాడనీ, పాము చుట్టకు గ్రీకులో ఉన్న మాటనుంచి ఆ పేరు తీశాడనీ చెప్పాను.

బాబాయి అంతా విని, "ఆయ్, బానే ఉందండి గాని, కాస్త ఇటు జరిగి కూచోండి. గాలి మారతాంది" అన్నాడు.

జరిగాను. చదువుకున్నవాణ్ణి గనక అక్కడ నాకు తెలియనివన్నీ ఆయన్ను అడిగి తెలుసుకున్నాను. ఈ తీరంలో పగలు నేల వేడెక్కి గాలి సముద్రంమీంచి వస్తుంది. రాత్రి నేల చల్లారి గాలి ఒడ్డునుంచి పోతుంది. అందుకే పాతకాలపువాళ్ళు తెల్లవారుజామున నేలగాలితో వేటకు పోయి, మధ్యాహ్నం సముద్రపు గాలితో ఇంటికొచ్చేవారు. రెండు పూటలా ప్రకృతే తోసేది. గాలికి ఎదురుగా సూటిగా పోవడం తెరచాపకు సాధ్యం కాదు. ఐమూలగా ఇటు కొంత, అటు కొంత పోతూ మెల్లిగా ముందుకు జరగాలి. అక్టోబరునుంచి డిసెంబరుదాకా తుపానుల కాలం. అప్పుడు ఆకాశాన్ని నమ్మరాదు.

మధ్యలో ఓ ఇసుక దిబ్బ దగ్గర దిగి నడిచాము. నా కాళ్ళకు బురద అంటింది. తిరిగి పడవెక్కేటప్పుడు తాగేనీళ్ళ డబ్బా వంచుకుని శుభ్రంగా కాళ్ళు కడుక్కున్నాను. కళ్ళజోడు కూడా కడిగాను. మా ఆవిడ ఏదో అనబోయింది. "నీళ్ళలో ఉండి కూడా నీళ్ళ లెక్కేనా?" అన్నాను దర్జాగా. ఆమె ఊరుకుంది.

నాలుగు గంటలకు తిరిగి పాయలోకి వస్తుంటే పడవ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెళ్ళేటప్పుడు నిండు పోటులో మాకు కనబడకుండా పడవ కింద ఉండిన బురద దిబ్బ అది. ఇప్పుడు ఆటు. నీళ్ళు తీస్తున్నాయి. బాబాయి గెడ వేసి నెట్టాడు. మోటారు తిప్పబోతే అది బురదను చిలికి ఊరుకుంది. నేను దిగి తోస్తానన్నాను. "దిగితే మొలదాకా దిగిపోతారండి" అన్నాడు. అంతే, కూచున్నాను.

"మరి ఇప్పుడెలా?"

"ఏముందండి, పోటు రాగానే అదే లేత్తాది. తొమ్మిదింటికల్లా తేలిపోతాం. కంగారు పడకండి, అల్లుడుగారూ" అని ఆయన తెరచాప మడిచి తలకింద పెట్టుకుని అయిదు నిమిషాల్లో నిద్రపోయాడు.

అప్పుడు నాకు త్యాగరాజస్వామి 'నౌకాచరిత్రం' గుర్తొచ్చింది. గోపికలు తమ అందం చూసుకుని గర్వపడతారు. యమున నడుమ వాళ్ళ పడవకు చిల్లు పడుతుంది. ఏటా చెబుతున్న కథే. దానిలో ఇంత బురద ఉందని నాకు తెలియదు.

దాహం కూడా అప్పుడే వేసింది. డబ్బా వంచి చూస్తే అడుగున ఒక శేరు నీళ్ళున్నాయేమో. మనుషులం ముగ్గురం. పోటు రావడానికి అయిదు గంటలు. నా కడిగిన కాళ్ళు నన్నే చూసి నవ్వుతున్నట్టనిపించింది. మా ఆవిడ ఏమీ అనలేదు. డబ్బా తన ఒడిలోకి తీసుకుని, టిఫిను క్యారియరు మూత విప్పి, గంటకొకసారి మూడు మూతలు సమంగా పోసింది. బాబాయి వంతు ఆయన లేచేదాకా దాచింది. ఒక్క చుక్క ఒలకలేదు.

"ఈ లెక్క ఎక్కడ నేర్చుకున్నావు? మీది నీళ్ళ ఊరు గదా" అన్నాను.

"మీ ఊళ్ళోనే, మీ అమ్మగారి దగ్గర. నేను కాపురానికొచ్చిన ఏడు పద్నాలుగు రోజులు కొళాయి రాలేదు. ఆవిడ ఇత్తడి చెంబు పక్కన పెట్టుకుని, ఎవరికెన్ని చెంబులో లెక్క చెప్పేది. మీకు ఏనాడూ తక్కువ కాలేదు గదా, మీకెలా తెలుస్తుంది?"

నిజమే, నాకు తెలియదు. కరువు సీమలో పుట్టి పెరిగినవాణ్ణి. నీళ్ళ కరువు మీద వ్యాసాలు రాశాను, సభల్లో మాట్లాడాను. కాని ఇరవై ఏళ్ళుగా నా చెంబు నిండుగానే ఉంది. మా ఇంట్లో కరువు వంటింటి గడప దాటి నా కుర్చీదాకా ఎన్నడూ రాలేదు. రానివ్వలేదు వాళ్ళు.

చీకటి పడింది. దోమలు లేచాయి. సెల్‌ఫోను దీపం వేసి వేసి అది కూడా కన్ను మూసింది. అప్పుడు మా ఆవిడ మెల్లగా అంది: "అమ్మ మొన్న శ్రావణంలో బావిగట్టు దగ్గర జారి పడిందట. మూడు వారాలు మంచంమీదే ఉంది. మనకు చెప్పొద్దని పక్కింటివాళ్ళతో ఒట్టు వేయించుకుంది. నిన్న వాళ్ళు చెప్పారు."

మా అత్తగారికి ఈమె ఒక్కతే కూతురు. మామగారు పోయి ఆరేళ్ళయింది. ఆవిణ్ణి అనంతపురం రమ్మంటే, "ఆ ఎండలో, ఆ నీళ్ళు లేని చోట నన్ను బతకనివ్వరా" అంటుంది. పోనీ నేనే వెళ్ళి కొన్నాళ్ళుంటానని మా ఆవిడ రెండేళ్ళుగా అంటోంది. అన్నప్పుడల్లా నేను "చూద్దాంలే" అంటున్నాను. ఆ మాట అన్నాక పేపరు అడ్డం పెట్టుకుంటాను. లేదా పిల్లల కాంపోజిషన్లు దిద్దే పని గుర్తొస్తుంది. పక్క గదిలోకి వెళ్ళిపోతాను. ఇరవై ఏళ్ళ కాపురంలో నేను బాగా వాడుకున్నది ఆ పక్క గదినే సుమండీ.

పడవలో పక్క గది లేదు. పేపరు లేదు. లేచి వెళ్ళడానికి చోటు లేదు. దిగితే మొలలోతు బురద. ఆమె మాట అన్నాక ఆ మాట మా ఇద్దరి మధ్యే కూచుంది. నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె కూడా మరోసారి అనలేదు.

ఆ నిశ్శబ్దంలో నాకు ఆ దంపతుల పడవలు గుర్తొచ్చాయి. పది గజాలు లేని కొయ్య మీద ఏళ్ళ తరబడి ఎలా వేగారా అని చదివినప్పుడు వింతపడ్డాను. వాళ్ళు ధైర్యవంతులు గనక వేగారనుకున్నాను. ధైర్యం ఉండే ఉంటుంది. కాని అంతకంటే పెద్దది, వంతు తప్పకపోవడం. నీ నాలుగు గంటలు అయ్యాయి, నువ్వు పడుకో, ఇక నేను చూసుకుంటానని లేచి కూచోవడం. మా పడవలో ఇరవై ఏళ్ళుగా ఒకరే మేలుకుని ఉన్నారు. రెండోవాడు హాయిగా నిద్రపోతూ, పడవ ఎంత బాగా పోతోందో అని అలంకారాలు చెబుతున్నాడు.

తొమ్మిది దాటాక పడవ అడుగున ఏదో చిన్నగా తట్టినట్టయింది. ఇంకోసారి తట్టింది. బాబాయి లేవకుండానే "వచ్చేసిందండి పోటు" అన్నాడు. ఎవరూ తోయకుండానే నావ బురదను వదిలి, కాస్త పక్కకు ఊగి, తేలింది. మా ఆవిడ చుక్కాని దగ్గరికి పోయింది. నేను ఆమె పక్కన కూచుని, "నువ్వు ఇక్కడే ఉండిపో. వేసవి అయ్యేదాకా అమ్మ దగ్గర ఉండు. అక్కడ నేను చూసుకుంటాను" అన్నాను.

"మీరా?" అంది.

ఆ ఒక్క మాటలో ఎంత చరిత్ర ఉందో శాసన పరిశోధకులకు కూడా అందదు.

"నేనే. జూన్‌లో నువ్వు రా. అప్పుడు వంతు మారుద్దాం. సెలవులు దొరికినప్పుడు నేనొచ్చి ఇక్కడ ఉంటాను, అత్తగారు నన్ను భరించగలిగితే."

చీకట్లో ఆమె ముఖం కనబడలేదు. డబ్బాలో మిగిలిన చివరి మూత నీళ్ళు నాకిచ్చింది. సగం తాగి సగం తిరిగి ఇచ్చాను. ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి కాబోలు.

ఇది రాస్తున్నది అనంతపురంలో, మా వంటింట్లో కూచుని. మావాడు తిరుపతిలో హాస్టలులో ఉన్నాడు గనక ఇంట్లో నేనొక్కణ్ణే. మొదటి వారం అన్నం రెండుసార్లు మాడింది. ట్యాంకరు వచ్చిన రోజు నేను కాలేజీలో ఉండిపోయి, రెండు రోజులు పక్కింటివారి బిందెల మీద బతికాను. ఇప్పుడు వీధిలో ఎవరి వంతు ఎప్పుడో, ట్యాంకరు వాడికి ఫోను ఎప్పుడు చేయాలో, తొట్టెలో ఎంత ఉంటే ఎన్నాళ్ళొస్తుందో కంఠతా వచ్చింది. మా అమ్మ ఇత్తడి చెంబు అటకమీదనుంచి దించాను. ఛందస్సు నేర్చుకోవడానికి నాకింత శ్రమ కాలేదు.

రాత్రి ఎనిమిదింటికి ఆమె ఫోను చేస్తుంది. మా అత్తగారు కర్ర పట్టుకుని వీధి అరుగుదాకా నడుస్తోందట. "గాలి ఎటునుంచి వస్తోంది?" అని నేనడుగుతాను. "సముద్రంమీంచి" అంటుంది. "అక్కడ నీళ్ళెన్ని ఉన్నాయి?" అని ఆమె అడుగుతుంది. నేను వెళ్ళి తొట్టెలో చెయ్యి పెట్టి చూసి వచ్చి, "మోచేతిదాకా" అంటాను. "అయితే గురువారందాకా వస్తాయి, మీరిక పడుకోండి" అంటుంది.

పడుకోను. గేటు దగ్గర ట్యాంకరు చప్పుడు ఏ రాత్రివేళ అయినా వినబడవచ్చు. ఇప్పుడు నా వంతు నడుస్తోంది.